విదేశీ డీల్‌కి బొటిక్ లా ఫర్మ్‌ని పెట్టుకుంటే పని ఎలా చేయించుకోవాలి

అవతలి కంపెనీ కాంట్రాక్ట్ పంపి, శుక్రవారంలోగా సంతకం పెట్టమన్నాక లాయర్ కోసం వెతకడం మొదలుపెట్టారంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. రేటు, గడువు, చెల్లింపు అన్నీ ఈమెయిళ్లలో ఒప్పేసుకున్నాక ఎంత పెద్ద లాయరైనా చేయగలిగేది కొంచెమే. కాబట్టి బేరం ఇంకా నడుస్తుండగానే పిలవండి.

బొటిక్ ఫర్మ్ అంటే కొద్దిమంది లాయర్లు, ఒకటి రెండు రంగాలు. అంతర్జాతీయ కాంట్రాక్టులు, ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి తీర్పు చెప్పడం), షిప్పింగ్ లాంటివి. పెద్ద ఫర్మ్‌లో మీతో మీటింగ్‌లో కూర్చునేది ఒకరు, డ్రాఫ్ట్ రాసేది ఇంకొకరు కావచ్చు. ఇక్కడ సీనియరే రాస్తారన్న ఆశతోనే కదా వెళ్తున్నాం, అందుకని మొదటి ప్రశ్న మొహమాటం లేకుండా అడిగేయండి: నా పేపర్లు స్వయంగా ఎవరు చదువుతారు, ఆయన ఇంకో కేసు విచారణలో రెండు వారాలు ఇరుక్కుపోతే అప్పుడు ఎవరు చూస్తారు?

రహస్య వివరాలేవీ పంపకముందే రెండు పార్టీల పేర్లు మాత్రం ఇచ్చి, ఆ ఫర్మ్‌కి అవతలివాళ్లతో సంబంధం ఏమైనా ఉందేమో చూడమనండి. రంగం చిన్నది కాబట్టి అవతలివాళ్లు ఆల్రెడీ వాళ్ల క్లయింటే అయ్యే అవకాశం తక్కువేం కాదు. తర్వాత, ఏ దేశం చట్టం మీద వాళ్లు సొంతంగా అభిప్రాయం ఇవ్వగలరు, మిగతా దేశాలకి అక్కడి లాయర్లు ఎవరున్నారు, వాళ్ల ఫీజు ఇందులోనే కలుస్తుందా, విడిగా బిల్లు వస్తుందా అని అడగండి. "అన్ని దేశాలూ మేమే చూసుకుంటాం" అనే ఫర్మ్‌ని నేనైతే నమ్మను.

ఓకే అనుకున్నాక ఒక పేజీ నోట్ రాసివ్వండి. ఎవరు ఎవరికి ఏం అమ్ముతున్నారు, డబ్బు ఎప్పుడు ఏ దారిన వస్తుంది, అవతలివాళ్ల ఆస్తులు ఏ దేశంలో ఉన్నాయి, మీకున్న అసలు భయమేంటి. పాత ఈమెయిళ్లు, పర్చేజ్ ఆర్డర్లు కూడా జత చేయండి, ఎందుకంటే సంతకం పడకపోయినా వాటితోనే కాంట్రాక్ట్ ఏర్పడిపోయి ఉండొచ్చు.

ఇక లాయర్ టైమ్ ఎక్కువగా ఖర్చుపెట్టించాల్సింది, అందరూ ఆఖర్లో అయిదు నిమిషాల్లో తేల్చేసే వివాదాల క్లాజ్ మీద. "వివాదం వస్తే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ ద్వారా గానీ లండన్ కోర్టుల్లో గానీ పరిష్కరించుకోవాలి" అని రాసుకున్నారనుకోండి, చూడ్డానికి బాగానే ఉంటుంది. గొడవ వచ్చిన రోజు ఒకరు సింగపూర్ అంటారు, ఇంకొకరు లండన్ అంటారు, అసలు బాకీ సంగతి పక్కనపెట్టి ఎక్కడ కొట్లాడాలన్న దానికే ముందు కొట్లాట. ఏ సంస్థ రూల్స్, సీట్ ఏ ఊరు, ఎంతమంది ఆర్బిట్రేటర్లు (తీర్పు చెప్పే మధ్యవర్తులు), ఏ భాష, ఏ దేశం చట్టం: ఈ అయిదూ స్పష్టంగా ఉండాలి. సీట్ అంటే మీటింగ్ పెట్టుకునే చోటు మాత్రమే కాదు, అవార్డుని, అంటే ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పుని, కొట్టేయమని ఏ కోర్టుకి వెళ్లొచ్చో తేల్చేది అదే. ఐసీసీ, ఎస్ఐఏసీ (సింగపూర్), ఎల్‌సీఐఏ (లండన్) లాంటి ఆర్బిట్రేషన్ నడిపే సంస్థలు నమూనా క్లాజులు ఊరికే ఇస్తాయి, వాటికి సొంత తెలివితేటలు జోడించకపోవడమే మంచిది. డీల్ చిన్నదైతే ఒక్క ఆర్బిట్రేటర్ చాలు, ముగ్గురంటే ముగ్గురి ఫీజూ కట్టాలి.

కోర్టు ఉండగా ఆర్బిట్రేషన్ ఎందుకంటే, 1958 న్యూయార్క్ కన్వెన్షన్‌లో 170కి పైగా దేశాలున్నాయి, అవార్డు చేతిలో ఉంటే వాటిలో అమలు అడగొచ్చు. కోర్టు తీర్పులకి అంత విస్తృతమైన ఒప్పందం ఇంకా లేదు. నోట్‌లో ఆస్తులు ఎక్కడున్నాయని రాయమన్నది ఇందుకే. అవతలివాళ్ల ఆస్తి లేని దేశంలో గెలిస్తే కాగితం మిగులుతుంది, డబ్బు రాదు.

సరుకు అమ్మకమైతే సీఐఎస్‌జీ గురించి తప్పకుండా అడగండి. ఇది దేశాల మధ్య సరుకు అమ్మకాలకి వర్తించే 1980 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం. కాంట్రాక్ట్‌లో "ఫ్రాన్స్ చట్టం వర్తిస్తుంది" అని మాత్రమే రాస్తే సాధారణంగా ఇది కూడా వెంట వచ్చేస్తుంది, ఎందుకంటే ఫ్రాన్స్ అందులో ఉంది. బ్రిటన్ లేదు. సరుకులో లోపం ఉంటే కొన్నవాళ్లు సహేతుకమైన సమయంలో నోటీసు ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా మామూలుగా రెండేళ్లు దాటకూడదు అంటుంది. వద్దనుకుంటే వద్దని స్పష్టంగా రాయాలి.

ఇన్‌కోటెర్మ్స్ కూడా ఒకసారి చూపించండి, అంటే సరుకు రిస్క్, ఖర్చు ఎక్కడ ఒకరి నుంచి ఇంకొకరికి మారతాయో చెప్పే పొట్టి పేర్ల షరతులు. కంటెయినర్ సరుక్కి అలవాటు కొద్దీ ఎఫ్ఓబీ రాసేస్తుంటారు. అందులో సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా రిస్క్ అమ్మినవాళ్లదే, కానీ కంటెయినర్‌ని వాళ్లు అంతకుముందే టెర్మినల్‌లో అప్పగించేస్తారు. మధ్యలో ఏమైనా అయితే అమ్మినవాళ్లకి టెన్షన్. అక్కడ ఎఫ్‌సీఏ సరిపోతుంది, అందులో రవాణా సంస్థకి అప్పగించగానే రిస్క్ కొన్నవాళ్లకి మారిపోతుంది.

ఫీజు విషయానికొస్తే, డ్రాఫ్ట్ చూడ్డానికి ఒకే మొత్తం అడగండి, లేదంటే గంటల లెక్కకి గరిష్ఠ పరిమితి పెట్టించి ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (ఫర్మ్‌తో మీరు చేసుకునే ఒప్పంద పత్రంలో) రాయించండి. చాలా ఫర్మ్‌లు గంటని 6 నిమిషాల ముక్కలుగా లెక్కేస్తాయి, అందుకని గుర్తొచ్చినప్పుడల్లా ఫోన్ చేయకుండా ప్రశ్నలన్నీ ఒకే ఈమెయిల్‌లో పంపండి.

కాంట్రాక్ట్ పేజీలన్నీ ఎర్రగా దిద్ది వెనక్కొస్తుంది, కంగారు పడొద్దు. ఏవి మారకపోతే సంతకం పెట్టకూడదు, ఏవి బేరమాడొచ్చు, ఏవి వదిలేయొచ్చు అని విడదీసి ఇవ్వమనండి. రిస్క్ ఏంటో చెప్పడం లాయర్ పని, తీసుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం.

ఒకేసారి చాలా దేశాల్లో కంపెనీలు కొంటూ వేలకొద్దీ డాక్యుమెంట్లు తిరగేయాల్సి వస్తే మాత్రం బొటిక్ ఫర్మ్ సరిపోదు, అంతమంది ఉండరు.

సంతకాలయ్యాక ఫైల్ మూసేయకముందే ఒక చివరి పని చేయించుకోండి. నోటీసు గడువులు, నోటీసు పంపాల్సిన చిరునామా, రెన్యువల్ తేదీ ఒకే పేజీలో రాయించి, సరుకు పంపేవాళ్లకీ అకౌంట్స్ చూసేవాళ్లకీ తలా ఒక కాపీ ఇవ్వండి.