మందు బొమ్మను చదవడం - 3వ పాఠం: ప్రాంటోసిల్

బెంజీన్ వలయం గీసి, దాని ఎదురెదురు మూలలకు సమూహాలు తగిలించడం క్రితం పాఠంలో నేర్చుకున్నాం. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఈసారి మూడు బొమ్మలు గీయాలి.

మొదటిది ప్రాంటోసిల్. 1932లో జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్‌లో రంగుల కంపెనీ బేయర్ ప్రయోగశాల తయారుచేసిన ఎర్రరంగు ఇది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకలకు అక్కడి శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్ దీన్ని ఇస్తే అవి బతికాయి. చిత్రమేమిటంటే, పరీక్షనాళికలో మాత్రం అదే రంగు బ్యాక్టీరియాను ఏమీ చెయ్యలేకపోయింది. రెండు వలయాలు గీసి, మధ్యలో రెండు నైట్రోజన్లతో కలపండి. ఒక వలయం అవతలి కొసకు సల్ఫోనమైడ్ సమూహం (SO₂NH₂) పెట్టండి. రెండో వలయానికి రెండు అమైనో సమూహాలుంటాయి (NH₂), వాటితో మనకిప్పుడు పనిలేదు.

ఇప్పుడు ఆ రెండు నైట్రోజన్ల మధ్య అడ్డంగా గీత గీయండి. శరీరం చేసేదీ అదే, అక్కడే తెంపుతుంది. సల్ఫోనమైడ్ ఉన్న ముక్కను విడిగా గీసి, తెగిన చోట అమైనో సమూహం పెట్టండి. ఇదే సల్ఫనిలమైడ్, రెండో బొమ్మ. పని చేసేది ఈ ముక్కేనని 1935లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తేల్చారు. దానికి రంగే లేదు! పైగా 1908లోనే వియన్నాలో గెల్మో అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన పదార్థం, కొత్తగా పేటెంట్ తీసుకోవడానికి వీల్లేదు. రంగుల కంపెనీకి ఇంతకన్నా ఇబ్బంది ఏముంటుంది?

దాని కిందే మూడో బొమ్మ గీయండి: పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, పొట్టిగా పాబా. వలయం అదే, అమైనో అదే. రెండో కొసన మాత్రం సల్ఫోనమైడ్ బదులు కార్బాక్సిల్ (COOH) ఉంటుంది. బ్యాక్టీరియా పాబాతో ఫోలిక్ ఆమ్లం తయారుచేసుకుంటుంది. ఆ పనిచేసే ఎంజైమ్‌లో పాబా కూర్చోవలసిన చోటును సల్ఫనిలమైడ్ ఆక్రమిస్తుంది. ఫోలిక్ ఆమ్లం అందకపోతే డీఎన్‌ఏ తయారీ ఆగి, బ్యాక్టీరియా పెరగడం మానేస్తుంది. మందు దాన్ని చంపదు, పెరగనివ్వదు, అంతే. మిగతా పని మన తెల్లరక్తకణాలది. పాబా ఎక్కువగా కలిపితే మందు ఓడిపోతుందని 1940లో డొనాల్డ్ వుడ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చూపించాడు.

మనకు ఆ ఎంజైమే లేదు. ఆకుకూరల నుంచి, పప్పుల నుంచి ఫోలిక్ ఆమ్లం నేరుగా తీసుకుంటాం. దాన్ని 1940లలో అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

అభ్యాసం:
1. మొదటి బొమ్మలో సల్ఫోనమైడ్ ఉన్న వలయానికి విడిగా అమైనో సమూహం ఉందా? పరీక్షనాళికలో ప్రాంటోసిల్ ఎందుకు పనిచెయ్యలేదో రెండు వాక్యాల్లో రాయండి.
2. చీము పట్టిన పుండులో సల్ఫా మందు (సల్ఫనిలమైడ్ లాంటిది) సరిగా పనిచెయ్యదు. చచ్చిన కణాల నుంచి చీములోకి ఏమేం చేరవచ్చో ఆలోచించి రాయండి. జవాబు 4వ పాఠంలో, ట్రైమెథోప్రిమ్ అనే మరో మందుతో పాటు.