కొత్త మ్యాక్ కొన్నారా? మొదటి వారమే జాగ్రత్త

ఆగస్టులో అమెరికా విమానం ఎక్కబోయే పిల్లలు చాలామంది మ్యాక్‌బుక్ కొనుక్కుని, తెరిచిన మొదటి వారంలోనే కావాల్సిన సాఫ్ట్‌వేర్లన్నీ వెతికి ఎక్కించుకుంటారు. అసలు ప్రమాదం ఆ వారంలోనే. "మ్యాక్‌కి వైరస్ రాదులే" అనే మాట ఇంకా మన ఇళ్లలో తిరుగుతోంది కాబట్టి గట్టిగానే చెప్తున్నా, వస్తుంది. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే ట్రోజన్ (మామూలు ప్రోగ్రామ్ వేషంలో వచ్చే దొంగ సాఫ్ట్‌వేర్) జావా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపాన్ని పట్టుకుని 6 లక్షలకు పైగా మ్యాక్‌లలో దూరింది. ఆ లోపాన్ని జావా తయారుచేసే ఒరాకిల్ కంపెనీ ఫిబ్రవరిలోనే సరిచేసినా, మ్యాక్‌లకు ఆ అప్‌డేట్ ఆపిల్ నుంచి ఏప్రిల్‌లో గానీ రాలేదు. అందుకే అప్‌డేట్ కనిపిస్తే ఆ రాత్రే చేసేయండి.

ఇప్పటి దొంగలకు లోపం కూడా అక్కర్లేదు, మన పాస్‌వర్డ్ చాలు. 2023లో బయటపడ్డ అటామిక్ స్టీలర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఏదో మంచి యాప్ లాగే వస్తుంది, తెరవగానే అచ్చం మ్యాక్ అడిగినట్టే చిన్న పెట్టె వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది, మనం అలవాటుగా కొట్టేస్తాం. ఇక కీచెయిన్ (మ్యాక్ మన పాస్‌వర్డులు దాచే చోటు), బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు), డెస్క్‌టాప్ మీది ఫైళ్లు అన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి. కుకీలు పోయాయంటే ఓటీపీ అవసరం లేకుండానే మీ మెయిల్ తెరిచే వీలుంటుంది. పాస్‌పోర్టు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20, లోన్ కాగితాల స్కాన్లు డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవాళ్లు ఇది కాస్త ఆలోచించాలి. ఆ పెట్టె కనపడగానే ఆగి, ఇప్పుడు నేనేం చేశానని ఇది అడుగుతోంది అని చూసుకోండి. జవాబు తెలియకపోతే క్యాన్సిల్ కొట్టండి.

రెండో ప్రమాదం టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసి మ్యాక్‌తో పని చేయించే యాప్. ఆపిల్ పరిశీలించని యాప్‌ని మ్యాక్‌లోనే ఉండే గేట్‌కీపర్ అనే కాపలా ఆపేస్తుంది, 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయాలో ఆ కాపలా ఇంకా బిగించారు. దాంతో దొంగలు "మీరు రోబో కాదని నిరూపించుకోండి, ఈ లైను కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేయండి" అనడం మొదలుపెట్టారు. అలా దిగిన ఫైలు చాలాసార్లు గేట్‌కీపర్ కంట పడదు. ఏ క్యాప్చా అయినా టెర్మినల్ తెరవమంటే ఆ పేజీ మూసేయండి. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు ఇక్కడో చిక్కుంది, వేరే సాఫ్ట్‌వేర్లు దించుకోవడానికి వాడే హోమ్‌బ్రూ అనే టూల్‌ని నిజంగానే టెర్మినల్‌లో ఒక లైను పేస్ట్ చేసి ఎక్కిస్తారు. 2025 జనవరిలో గూగుల్‌లో దాని పేరుతోనే దొంగ ప్రకటనలు నడిచాయి. కాబట్టి పైన కనిపించే ప్రకటన నొక్కకుండా, బ్రూ డాట్ ఎస్‌హెచ్ (brew.sh) అనే చిరునామా మీరే టైప్ చేయండి.

క్రాక్ వెర్షన్ల జోలికి అసలు పోవద్దు. 2009లోనే ఆపిల్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఐవర్క్ దొంగ కాపీలో ట్రోజన్ కలిపి టోరెంట్లలో వదిలారు. చాలా యూనివర్సిటీలు ఆఫీస్ లాంటివి స్టూడెంట్ మెయిల్‌తో ఉచితంగానే ఇస్తాయి, అది చేతికొచ్చేదాకా ఆగండి.

యాప్‌ని దాని సొంత వెబ్‌సైటు నుంచి దించుకున్నా ఒక్కోసారి ప్రమాదం తప్పదు. 2016లో ట్రాన్స్‌మిషన్ అనే టోరెంట్ యాప్ సైటులోనే కీరేంజర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ చేరింది, 3 రోజులు నిద్రపోయి, తర్వాత ఫైళ్లకు తాళం వేసి 1 బిట్‌కాయిన్ అడిగింది. అందుకే వారానికోసారి మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్‌తో బయటి డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి.

ఇప్పటికే ఎక్కడో పాస్‌వర్డ్ కొట్టేశామని అనుమానముంటే టెన్షన్ పడుతూ కూర్చోవద్దు. ముందు మ్యాక్‌లో వైఫై ఆపండి, తర్వాత ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ నొక్కండి. ఆ తర్వాత మ్యాక్‌ని పూర్తిగా తుడిచి మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి.