వేర్‌హౌస్‌లో రేడియంట్ ట్యూబ్ హీటర్ సురక్షితంగా ఎలా బిగించాలి?

అమెరికాలోని చలి రాష్ట్రాల్లో వేర్‌హౌసో, కార్ల వర్క్‌షాపో నడిపే తెలుగువాళ్లకు ఈ హీటర్లు తారసపడుతూనే ఉంటాయి. ఎత్తైన షెడ్డులో గాలిని వేడి చేస్తే అదంతా పైకప్పు కింద చేరుతుంది, షట్టర్ ఎత్తగానే బయటికి పోతుంది. ట్యూబ్ హీటర్‌లో గ్యాస్ ఉక్కు గొట్టం లోపల మండుతుంది. కాలిన గొట్టం నుంచి, పైనున్న రిఫ్లెక్టర్ (వేడిని కిందికి మళ్లించే రేకు) నుంచి వేడి ఎండలా నేరుగా కిందికి దిగుతుంది.

గ్యాస్, పొగ గొట్టం పనులు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి. ముందు స్థానిక బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి పర్మిట్ తీసుకోవాలి. అయినా యజమానికి పని తెలిసి ఉండాల్సిందే. బిగించినవాళ్లు వెళ్లిపోతారు, దాని కింద ఏళ్ల తరబడి సరుకు పేర్చేది మనమే.

మొదట చోటు చూసుకోండి. పెట్రోల్ ఆవిరి, మండే దుమ్ము చేరే చోట మామూలు ట్యూబ్ హీటర్ పెట్టకూడదు. విమానాల హ్యాంగర్లలోనైతే విమానం రెక్కల పైభాగానికి, ఇంజిన్ కవచానికి కనీసం 10 అడుగుల ఎత్తున ఉండాలని అమెరికా గ్యాస్ కోడ్ (భద్రతా నియమాలు) చెబుతుంది.

ఇక అసలు విషయం, దూరం. మండే వస్తువులు పైన, పక్కల, కింద ఎంత దూరంలో ఉండాలో హీటర్ లేబుల్ మీదే ఉంటుంది. కింది వైపు దూరమే ఎక్కువ, పెద్ద బర్నర్లకు 5 అడుగులు దాటడం మామూలే. రిఫ్లెక్టర్‌ను వాల్చి బిగిస్తే ఈ లెక్కలు మారతాయి. టేపు పట్టుకుని నేల నుంచి కొలిస్తే సరిపోదు. లిఫ్ట్ మీద పూర్తిగా ఎత్తిన వ్యాన్ పైకప్పు నుంచి కొలవండి, దాని వెనక తలుపు పైకి తెరిచి మరోసారి కొలవండి. షట్టర్ తెరిస్తే ఎక్కడికి వస్తుందో, మంటలార్పే స్ప్రింక్లర్ హెడ్లు, కరెంటు వైర్లు ఎక్కడున్నాయో చూడండి. ఎంత ఎత్తు వరకు సరుకు పేర్చవచ్చో థర్మోస్టాట్ పక్కన బోర్డు పెట్టించండి. రాక్‌ల మీద ఎర్ర గీత కూడా గీయిస్తే ఇంకా మంచిది. కొత్తగా చేరిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ బోర్డు చదవకపోయినా గీత చూస్తాడు.

హీటర్‌ను భవనం ఉక్కు దూలాలకే గొలుసులతో వేలాడదీయాలి. గ్యాస్ పైపుకో, స్ప్రింక్లర్ పైపుకో కట్టడం ఘోరమైన తప్పు. 50 అడుగుల ట్యూబ్ వేడెక్కితే దాదాపు 2 అంగుళాలు సాగుతుంది, చల్లారితే మళ్లీ కుదించుకుంటుంది. రోజూ ఇలా కదిలే బర్నర్‌కు గ్యాస్ పైపును బిగుతుగా కలిపితే చివరికి జాయింటు పగిలి గ్యాస్ లీకవుతుంది. అందుకే దీనికోసం ఇచ్చిన ఫ్లెక్సిబుల్ కనెక్టరే వాడాలి, మాన్యువల్ బొమ్మలో చూపిన వంపుతోనే బిగించాలి. నా దృష్టిలో ఇన్‌స్పెక్టర్ కన్నా ముందు మీరు నిలబడి చూడాల్సిన చోటు ఇదే.

గ్యాస్ లైనులో చేతికందే షటాఫ్ వాల్వు, చెత్త దిగడానికి డ్రిప్ లెగ్ (కిందికి వేలాడే చిన్న పైపు ముక్క) ఉండాలి. లైనును ఎక్కువ ఒత్తిడితో పరీక్షించేటప్పుడు హీటర్‌ను విడదీయాలి, లేకపోతే గ్యాస్ వాల్వు పాడవుతుంది. లీకులు సబ్బునీళ్లతోనే చూడాలి, మంటతో ఎప్పుడూ వద్దు. హీటర్లన్నీ ఒకేసారి వెలిగించి గ్యాస్ ప్రెషర్ కొలవమనండి. ఒక్కదాన్నే వెలిగిస్తే ప్రెషర్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

పొగను బయటికే పంపాలి, కిటికీలకు, గాలి లోపలికి వచ్చే దారులకు దూరంగా. పెయింట్లు, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు వాడే షాపులో బర్నర్‌కు గాలి కూడా బయటి నుంచే తీసుకోవాలి. ఆ ఆవిరి మంటలో పడితే విషవాయువులు పుడతాయి, ట్యూబ్ తుప్పు పట్టి పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టించండి.

మొదటిసారి వెలిగించినప్పుడు ట్యూబ్ మీది నూనె కాలి కాస్త పొగ, వాసన వస్తాయి. టెన్షన్ పడకుండా తలుపులు తెరిచి ఉంచండి. పొగ ఆగకుండా వస్తుంటే మాత్రం గ్యాస్ కట్టేసి కాంట్రాక్టర్‌ను పిలవండి. ఏటా చలికాలానికి ముందు గొలుసులు, కనెక్టరు, పొగ గొట్టం చూపించండి. రాక్‌లు మార్చినా, కొత్త లిఫ్ట్ తెచ్చినా దూరాలు మళ్లీ కొలవండి.