బిల్డ్ ఫెయిలైందా? లాగ్‌ను పైనుంచి చదవండి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఒకటి దించుకుని, రీడ్‌మీలో చెప్పినట్టే కమాండ్ కొడతాం. టెర్మినల్ నిండా ఎర్రర్లు పడతాయి. కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పనిని బిల్డ్ అంటాం, అప్పుడు తెరమీద పడే సందేశాలే లాగ్. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు నా దగ్గరికి తెచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఇదే. కోడ్ బాగానే రాయగలిగినవాళ్లు కూడా ఇన్‌స్టాలేషన్ దగ్గరే విసిగిపోయి ప్రాజెక్టు వదిలేస్తుంటారు. నాకు అది బాధగా ఉంటుంది. ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచ్య పరిశోధన సంస్థ, అందులో తాళపత్రాలు ఉన్న ఊరు ఇది. తాళపత్రాలను చదివించడం చాలా కష్టమైన పని, అది వేరే సంగతి. అచ్చయిన పాత తెలుగు పుస్తకాలనైనా కంప్యూటర్ చేత చదివించాలంటే ఈ పిల్లలే పూనుకోవాలి.

అందుకే ఉదాహరణగా అలాంటి పనినే తీసుకుంటాను. స్కాన్ చేసిన పేజీల్లోంచి అక్షరాలను తీసే టెసరాక్ట్ 2005లో ఓపెన్ సోర్స్ అయింది. దాన్ని పైథాన్ నుంచి వాడుకోవడానికి టెసర్‌ఓసీఆర్ అనే ప్యాకేజీ ఉంది. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో దీన్ని ఎక్కిస్తున్నాం అనుకోండి. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టండి.

మొదట వేరే గది కట్టుకోండి

ఏ ప్రాజెక్టుకైనా ముందు, దాని ప్యాకేజీలకు మాత్రమే వేరుగా ఉండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవాలి: "పైథాన్3 -ఎం వీఎన్వ్ ఎన్వ్". తర్వాత "సోర్స్ ఎన్వ్/బిన్/యాక్టివేట్" కొట్టి అందులోకి వెళ్లాలి. ఇది లేకుండా నేరుగా పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) కొడితే ఉబుంటు 23.04 నుంచి "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తుంది. ఆ ఎర్రర్ కిందే "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ కనిపిస్తుంది. దయచేసి దాని జోలికి పోవద్దు. సిస్టమ్ తన పనులకు వాడుకునే పైథాన్ ప్యాకేజీలు దానివల్ల చెడిపోవచ్చు.

లాగ్ దాచుకుని, మొదటి ఎర్రర్ వెతకండి

ఇప్పుడు "పిప్ ఇన్‌స్టాల్ టెసర్‌ఓసీఆర్" కొట్టాలి. ఆ కమాండ్ చివర "2>&1 | టీ బిల్డ్.లాగ్" చేరిస్తే తెరమీద పడేదంతా ఫైల్లోకి కూడా వెళ్తుంది. అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

టెసర్‌ఓసీఆర్ ఫెయిలైతే చివర్లో కనిపించేది "ఫెయిల్డ్ బిల్డింగ్ వీల్" అనే మాట. అందరూ దాన్నే కాపీ చేసి గూగుల్లో వెతుకుతారు. అది బిల్డ్ ఆగిపోయిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. ఫైలు తెరిచి "ఎర్రర్" అనే మాటను పైనుంచి వెతకండి. కొంత దూరంలో "ఫేటల్ ఎర్రర్: లెప్టోనికా/ఆల్‌హెడర్స్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని దొరుకుతుంది. దాని తర్వాత వచ్చిన వాటిలో చాలావరకు దీని ఫలితాలే.

ఇప్పుడు ఆ లైను ఏం చెబుతోందో చూడండి. చివర ".హెచ్" ఉందంటే అది సీ భాష హెడర్ ఫైలు, అంటే ఒక లైబ్రరీని వాడుకోవడానికి కంపైలర్ చదివే ఫైలు. లెప్టోనికా అనేది టెసరాక్ట్ వాడుకునే బొమ్మల లైబ్రరీ. పిప్ తెచ్చేది పైథాన్ ప్యాకేజీలను, ఈ హెడర్ రావాల్సింది సిస్టమ్ లైబ్రరీ నుంచి. కాబట్టి పిప్‌ను ఎన్నిసార్లు మళ్లీ కొట్టినా ఉపయోగం లేదు. ఉబుంటులో హెడర్లు సాధారణంగా పేరు చివర "-డెవ్" ఉన్న ప్యాకేజీల్లో ఉంటాయి. వాటిని ఉబుంటు ప్యాకేజీలు ఎక్కించే "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్"తో తెచ్చుకోవాలి. మనకు కావాల్సినవి "లిబ్‌టెసరాక్ట్-డెవ్", "లిబ్‌లెప్టోనికా-డెవ్", వాటితోపాటు "పీకేజీ-కాన్ఫిగ్". "పైథాన్.హెచ్" దొరకలేదంటే "పైథాన్3-డెవ్". ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే "ఆప్ట్-ఫైల్ సెర్చ్" అని ఫైలు పేరు ఇస్తే చెప్పేస్తుంది. ఈ ఒక్క టూల్ తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

పక్కవాడి ల్యాప్‌టాప్‌లో ఇదే కమాండ్ ఏ గొడవా లేకుండా ఎక్కిందేంటి అని అడుగుతారు. అతని పైథాన్ వెర్షన్‌కు ముందే కంపైల్ చేసిన "వీల్" ఉండి ఉంటుంది, పిప్ దాన్ని తెచ్చి పెట్టేస్తుంది. మీ వెర్షన్‌కు అది లేకపోతే సోర్స్ దించి మీ మెషీన్ మీదే కంపైల్ చేయబోతుంది. అప్పుడే కంపైలర్, హెడర్లు అవసరమవుతాయి.

వెర్షన్ సంగతి

"నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్" అని వస్తే మీ పైథాన్ 3.12 లేదా ఆ తర్వాతది అయ్యుంటుంది. ప్యాకేజీలు కట్టడానికి వాడే ఆ పాత మాడ్యూల్ ఇక లేదు, 2023 అక్టోబరులో వచ్చిన 3.12 వెర్షన్‌లో డిస్ట్‌యుటిల్స్‌ను తీసేశారు. ఆ ప్రాజెక్టుకు కొత్త రిలీజ్ ఉంటే అది తీసుకోండి, లేకపోతే పైథాన్ 3.11తో ఇంకో ఎన్విరాన్‌మెంట్ కట్టుకోండి. "రిజల్యూషన్ ఇంపాసిబుల్" అని వస్తే రెండు ప్యాకేజీలు మూడో దానికి పొసగని వెర్షన్లు అడుగుతున్నాయని అర్థం. ఎవరు ఏ వెర్షన్ అడిగారో ఆ ఎర్రర్‌లోనే రాసి ఉంటుంది. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో లాక్ ఫైలు (ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ వాడాలో రాసిపెట్టినది) ఉంటే "ఎన్పీఎం ఇన్‌స్టాల్" బదులు "ఎన్పీఎం సీఐ" వాడండి, లాక్‌లో రాసిన వెర్షన్లే వస్తాయి.

హాస్టల్ నెట్, చిన్న ర్యామ్

"టైమ్డ్ అవుట్" ఎర్రర్లు కాలేజీ ల్యాబ్ నెట్ మీదే వస్తుంటే ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. అక్కడ పనిచేస్తే అడ్డుపడుతున్నది ల్యాబ్ ప్రాక్సీ (నెట్‌కు మనకు మధ్యలో ఉండే సర్వర్) కావచ్చు. ప్రాక్సీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టినా "సుడో ఆప్ట్"కు అది మామూలుగా అందదు, "సుడో -ఇ" అని కొట్టాలి (ఇంగ్లీషు పెద్ద అక్షరం ఇ). డేటా తక్కువుంటే "గిట్ క్లోన్"కు "--డెప్త్ 1" చేర్చండి, పాత చరిత్రంతా దిగదు.

పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు మధ్యలో "కిల్డ్" అని ఆగిపోతే చాలాసార్లు కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలలేదు. "మేక్ -జె" పక్కన అంకె ఇవ్వకపోతే అది ఎన్ని పనులైనా ఒకేసారి మొదలుపెడుతుంది. 4 జీబీ మెషీన్ మీద "-జె2" చాలు.

శుభ్రం చేసేముందు

సిస్టమ్ లైబ్రరీ ఎక్కించాక కూడా పాత ఎర్రరే వస్తే పాత ఫలితం ఎక్కడో మిగిలి ఉంటుంది. బిల్డ్ ఏర్పాట్లు చేసే సీమేక్ వాడుతున్న ప్రాజెక్టు అయితే బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. "గిట్ క్లీన్ -ఎఫ్‌డీఎక్స్" మాత్రం జాగ్రత్త. మీరు కొత్తగా రాసి ఇంకా గిట్‌లో చేర్చని ఫైళ్లు కూడా పోతాయి. ముందు "-ఎన్" పెట్టి ఏవేవి పోతాయో చూసుకోండి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయండి. నాలుగు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఎక్కింది, కానీ తెలుగు రావట్లేదు

ఇన్‌స్టాల్ సాఫీగా అయి, నడిపేటప్పుడు "టెల్.ట్రెయిన్డ్‌డేటా" తెరవలేకపోయానని అంటే తెలుగు డేటా ఫైలు లేదన్నమాట, లేదా వేరేచోట వెతుకుతోందన్నమాట. "టెసరాక్ట్-ఓసీఆర్-టెల్" ప్యాకేజీ ఎక్కించి, "టెస్‌డేటా_ప్రిఫిక్స్" వేరియబుల్‌లో ఆ ఫైలున్న ఫోల్డర్ ఇవ్వండి (వేరియబుల్ పేరంతా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి). ఉబుంటు 24.04లో అది "/యుఎస్ఆర్/షేర్/టెసరాక్ట్-ఓసీఆర్/5/టెస్‌డేటా".

అప్పటికీ కాకపోతే ప్రాజెక్టు పేజీలో అందరూ సమస్యలు రాసే ఇష్యూల్లో వెతకండి, క్లోజ్ చేసినవి కూడా చూడాలి. జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది. కొత్త ఇష్యూ పెడితే ఓఎస్ వెర్షన్, పైథాన్ వెర్షన్, కొట్టిన కమాండ్, మొదటి ఎర్రర్, పూర్తి లాగ్ ఇవ్వండి. లాగ్‌ను స్క్రీన్‌షాట్ తీయకుండా టెక్స్ట్‌గా పెట్టండి, అప్పుడే ఇంకొకరు వెతికినప్పుడు దొరుకుతుంది. సమస్య తీరాక రీడ్‌మీలో ఆ ప్యాకేజీ పేరు లేదని గమనిస్తే, ఆ ఒక్క లైను చేర్చి, దాన్ని కలుపుకోమని ప్రాజెక్టువాళ్లకు పుల్ రిక్వెస్ట్ పంపండి.