దత్తతకిచ్చిన చిన్న కుక్క వెనక్కొస్తోందా? ముందు పెదవి ఎత్తి చూడండి

ఐదారు కిలోల కుక్క, వయసు నాలుగుకీ ఎనిమిదికీ మధ్య. పొమెరేనియనో, పగ్గో, షిట్జూనో, లేకపోతే పొట్టి ఆకారంలో ఉన్న మన వీధి కుక్కో. ఫోస్టర్ ఇంట్లో, అంటే దత్తతకి ముందు తాత్కాలికంగా పెంచిన ఇంట్లో, బంగారంలా ఉంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మంచి కుటుంబం దొరికింది, ఆదివారం దిగబెట్టి వచ్చారు. మూడో వారంలో ఫోను: "ఇది మాకు పడట్లేదండీ, తీసుకెళ్లిపోండి."

ఇలా వెనక్కొచ్చిన కుక్క మీద "స్వభావం మంచిది కాదు" అన్న ముద్ర పడిపోతుంది. ఇంకో ఇల్లు వెతుకుతారు, అక్కడా అదే తంతు. ఇల్లు మార్చే ముందు ఏమేం చూడాలో ఇక్కడ రాస్తున్నాం. టీకాలు, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎలాగూ అయిపోయాయనే లెక్క.

లక్షణం: తాకితే కరుస్తోంది, పిల్లలంటే పడట్లేదు, పెట్టింది తినట్లేదు

విడివిడిగా చూస్తే ఇవి మూడు సమస్యలు. చిన్న కుక్కల్లో చాలాసార్లు మూడింటికీ మూలం ఒక్కటే: నోరు. మమ్మల్ని ఎక్కువసార్లు బోల్తా కొట్టించింది ఇదే.

ఈ మాట అనగానే "ఫోస్టర్‌లో గిన్నె నాకేసేదండీ" అంటారు. నాకేసేది, నిజమే. ఏం పెట్టేవారు? పెరుగన్నం, లేకపోతే చికెన్ ఉడకబెట్టి మెత్తగా పిసికిన అన్నం. నమలక్కర్లేదు, నాలుకతో లాక్కుని మింగడమే. పళ్లు ఎంత పుచ్చినా ఆ గిన్నె ఖాళీ అవుతుంది. కొత్త ఇంటివాళ్లు పాపం శ్రద్ధగా, సంచి మీద కొలత చదివి, పొడి డాగ్‌ఫుడ్ పెడతారు. వాసన చూస్తుంది, ఒక గింజ నోట్లో వేసుకుని పక్కన వదిలేస్తుంది. "అన్నానికి అలవాటు పడింది, గారం ఎక్కువ" అని తీర్పిచ్చేస్తారు.

ఇక కరవడం. ఐదేళ్ల పిల్ల కుక్కని ముద్దు చేస్తే ఎక్కడ పట్టుకుంటుంది? రెండు చేతులతో బుగ్గలు. పన్ను వేరు చీము పట్టేదీ అక్కడే. కుక్క మొదటిసారి తల తిప్పుకుంటుంది. రెండోసారి మూతి నాక్కుంటుంది. మూడోసారి గుర్రుమంటుంది, అందరూ తిడతారు. నాలుగోసారి పళ్లు తగులుతాయి. దత్తత ఫారంలో "పిల్లలున్న ఇంటికి పనికిరాదు" అని ఎక్కుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కుటుంబం ఆ ఒక్క వాక్యం చదివి పేజీ తిప్పేస్తుంది.

చిన్న జాతులకే ఎందుకంటే, ల్యాబ్రడార్‌కైనా దీనికైనా పళ్లు 42. దవడ మాత్రం ఇంతే. ఇరుకులో ఒకదాన్నొకటి తోసుకుని వంకరగా మొలుస్తాయి, సందుల్లో పాచి గట్టిపడి గార అవుతుంది, చిగురు దిగిపోతుంది, వేరు దగ్గర చీము చేరుతుంది. కొన్నింటికి పాలకోరలు ఊడకుండా కొత్త కోరల పక్కనే ఉండిపోతాయి. వాటి మధ్య చిక్కిన తిండి బయటికి రాదు.

మోసమంతా ముందుపళ్ల దగ్గరుంది. పైన ఆరు, కింద ఆరు తెల్లగా మెరుస్తుంటాయి, ఫోటోలో నవ్వుతున్నట్టే ఉంటుంది. చూడాల్సింది పై దవడలో, కంటికి సరిగ్గా కింద ఉండే పెద్ద దవడపన్నుని. దాని వేరు పాడైతే కంటి కింద చిన్న ఉబ్బు లేచి, పగిలి, రసి కారుతుంది. ఏదో కుట్టిందనుకుంటారు, లేకపోతే కంటి చుక్కలు వేస్తారు. ఐదు రోజులు యాంటీబయాటిక్ వేస్తే ఉబ్బు దిగుతుంది. సంతోషం. కొన్ని వారాలకి అదే చోట మళ్లీ లేస్తుంది, వేరు ఎక్కడికీ పోలేదు కాబట్టి. పై కోర పాడైతే వేషం ఇంకోటి: ఒక్క ముక్కుపుటం నుంచే చీమిడి, తుమ్ములు. డాష్‌హండ్‌లలో ఇది మరీ ఎక్కువ.

ఎలా చూడాలంటే: తెచ్చిన రోజు వద్దు. మూడో రోజో నాలుగో రోజో, తిన్నాక, తనంతట తాను మీ పక్కకి వచ్చి కూర్చున్నప్పుడు. ఎదురుగా నిలబడి వంగకండి, పక్కన నేల మీద కూర్చోండి. నోరు తెరిపించే పనే లేదు. పెదవి వెనక మూలని బొటనవేలితో చెంపవైపు పైకి లేపండి. రెండు సెకన్లు, అంతే. వదిలేసి చిన్న పనీర్ ముక్క పెట్టండి. కాసేపాగి రెండో వైపు. ఇంకొకరు ఫోన్ టార్చ్ పక్కనుంచి వేస్తే చాలు, కళ్లలోకి వేయకూడదు.

చిగురు లేతగులాబీ రంగులో ఉండాలి. పన్ను మొదట్లో ఎర్రటి గీత, గోధుమరంగు పెచ్చు, తాకకుండానే రక్తం కనిపిస్తే అక్కడ పని ఉంది. ఒకవైపు గార మందంగా, రెండోవైపు పల్చగా ఉంటే, మందంగా ఉన్న వైపు అది నమలడం మానేసి ఉంటుంది. మూతి దగ్గర వాసన చూడండి: కుక్క నోటికి కుక్క నోటి వాసన మామూలే, ఫిషింగ్ హార్బర్ గట్టు మీద మిట్టమధ్యాహ్నం కొట్టే వాసన మామూలు కాదు. పెదవి లేపబోతే గుర్రుమందా? ఆపేయండి. జవాబు వచ్చేసినట్టే.

చూడనివ్వకపోతే గిన్నెతో తేల్చుకోవచ్చు. పది గింజలు పొడిగా ఒక గిన్నెలో, మరో పది గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి ఇంకో గిన్నెలో. నానినవి తిని పొడివి వదిలేస్తే నోరు చూపించాలి. రెండూ వదిలేసి మూలన ముడుచుకుంటే జ్వరం చూడండి. దాని సంగతి కిందకొస్తుంది.

పరిష్కారం

డాక్టరు దగ్గర "పళ్లు క్లీన్ చేయండి" అనకండి. "ఏ పన్ను నొప్పి పెడుతోందో చూడండి" అనండి. రెండూ వేరు పనులు. మెలకువగా ఉండగా గార గీకేస్తే పళ్లు తెల్లబడతాయి, చిగురు కింద జబ్బు హాయిగా అలాగే ఉంటుంది. మత్తిచ్చి, పన్ను పన్నుకీ చిగురు లోతు కొలిచి, అనుమానమున్నచోట ఎక్స్‌రే తీసి, పనికిరానివి పీకెయ్యాలి.

మత్తుకి ముందు రక్తపరీక్ష ఎక్కడైనా చేయిస్తారు. మన ఊళ్లో అది వాయిదా వేసే విషయమే కాదు. ఈ తీరం ఉక్కకి పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి, అవి కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్ పైకి ఏమీ కనిపించకుండా నెలల తరబడి ఒంట్లో దాగి ఉండగలదు. అలాంటి కుక్కకి రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తరచూ తక్కువుంటాయి, పన్ను పీకితే రక్తం ఆగకపోవచ్చు. కుక్కకి సుమారు రెండు నుంచి ఐదు లక్షల మధ్య ఉండాలి. బాగా తగ్గి ఉంటే డాక్టరు ముందు దానికి మందు మొదలుపెడతారు. సాధారణంగా డాక్సీసైక్లిన్, 28 రోజులు. పదో రోజున కుక్క హుషారైంది కదా అని ఆపేయొద్దు. మాత్ర ఖాళీ కడుపుతో వేయకూడదు, వేశాక వెంట తిండో నీళ్లో వెళ్లాలి. ఒట్టి మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది, అప్పుడు కుక్క నిజంగానే తినడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటిన చిన్న కుక్కయితే గుండె చప్పుడు కూడా వినమనండి.

మత్తుకి వెంటనే వీలుపడకపోతే ఇంకో దారుంది. కిడ్నీ పరీక్ష బాగుంటే, కుక్కలకిచ్చే నొప్పి మందు వారం రోజులకి డాక్టరు చేత రాయించుకోండి. ఆ వారంలో బొమ్మ నోట కరుచుకుని తిరిగినా, పొడి గింజ నమిలినా, తల మీద చెయ్యి పడనిచ్చినా, ఇన్నాళ్లూ స్వభావం అనుకున్నది నొప్పేనని తేలిపోతుంది. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు పావు ముక్క చేసి మాత్రం వేయకండి. ఐదు కిలోల ప్రాణికి కడుపులో పుండు పడడానికి, కిడ్నీ దెబ్బతినడానికి అది చాలు.

పీకించాక రెండు వారాలు మెత్తటి తిండి. పళ్లు లేకపోతే ఎలా తింటుందని బెంగ పెట్టుకోకండి, పది పళ్లు పోయిన కుక్క కూడా గిన్నె ఖాళీ చేస్తుంది. ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు వారాలు ఆగి అప్పుడు ఫారం తిరగరాయండి. నొప్పి పోయినా "చెయ్యి వస్తే నొప్పి" అన్న గుర్తు వెంటనే పోదు. చెయ్యి తల మీదుగా కాకుండా గడ్డం కిందుగా రావాలి, పిల్లలకి అదే నేర్పాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఆ గడువు పూర్తయ్యేదాకా ఇవ్వొద్దు. పళ్ల ఖర్చు ఎవరిదో కుక్కని ఇచ్చే ముందే మాట్లాడుకోండి. ఇచ్చాక తెలిస్తే ఆ బిల్లే కుక్కని వెనక్కి పంపేస్తుంది.

నోరు శుభ్రంగా ఉండి కూడా తల ముట్టనివ్వకపోతే చెవి చూడండి. షిట్జూ, కాకర్ లాంటి వేలాడే చెవులకి ఈ తేమలో లోపల చీము పట్టడం మామూలే.

లక్షణం: రెండు వారాలు నోరెత్తలేదు, ఇప్పుడు ఒకటే మొరుగుడు

మొదటి రెండు వారాలు భయంతో బిగుసుకుపోయి ఉంది, దాన్ని చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు. ఇప్పుడు ఇల్లు తనదనుకుంది. అందరూ బయటికెళ్లాక ఫోను వీడియోలో పెట్టి వదలండి. తలుపు మూసిన అరగంటలోనే గోల మొదలై ఆగకపోతే ఒంటరితనం భయం. ఆగి ఆగి మొరిగితే లిఫ్ట్ చప్పుడుకి మొరుగుతోంది, ఫ్యాను వేసి, కారిడార్ వైపు గదిలోంచి మార్చండి, చాలావరకు తగ్గుతుంది.

ఒంటరితనానికి మందు నిమిషాల లెక్క: తాళంచెవి తీసి మళ్లీ పెట్టేయడం, తలుపు దాటి 30 సెకన్లు, రెండు నిమిషాలు, ఐదు, పది. భయపడకముందే తిరిగి రావాలి. వారంలో తేలే పని కాదు. అందుకే ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న "కుక్కలంటే ఇష్టమా" అని కాదు, "పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఇంట్లో ఎవరుంటారు" అని. గాజువాక వైపు షిఫ్టు డ్యూటీ ఇళ్లలో ఇంకోటి కూడా అడగండి: నైట్ చేసి వచ్చినాయన పగలు పడుకునే గది ఏది, కుక్క ఉండేది ఎక్కడ. ఈ రెండూ పక్కపక్కనే ఉంటే మూడో వారంలో ఫోను ఖాయం.

అపార్ట్‌మెంట్ సంఘం "కుక్కలు వద్దు" అని తీర్మానం చేయడం కుదరదు, 2015లో జంతు సంక్షేమ మండలి ఇచ్చిన మార్గదర్శకాలు ఆ మాట స్పష్టంగా చెప్పాయి. కాగితం చూపించి గెలవొచ్చు, కానీ పక్క ఫ్లాట్ తాతగారికి నిద్ర లేకపోవడం నిజం. ముందే వెళ్లి ఒక మాట చెప్పి రండి.

లక్షణం: ఇంట్లో ఉచ్చ పోస్తోంది

కొద్దికొద్దిగా, మాటిమాటికీ, కష్టపడుతూ పోస్తే మూత్రం పరీక్ష. కాలెత్తి సోఫా మూలకి పోస్తే గుర్తు పెట్టుకోవడం. ఎక్కడపడితే అక్కడ మడుగు కడితే ఎవరూ వేళకి బయటికి తీసుకెళ్లట్లేదు, ఇదే ఎక్కువ. మొదటి వారం మూడు గంటలకోసారి, లేవగానే, తినగానే కిందికి దింపాలి. ఫినాయిల్‌తో తుడిస్తే మనకి వాసన పోతుంది, దానికి పోదు. ఎంజైమ్ క్లీనర్ వాడండి. వెనిగర్ సగం, నీళ్లు సగం కూడా పనిచేస్తుంది, మార్బుల్ మీద మాత్రం వద్దు, మచ్చ పడుతుంది.

లక్షణం: తప్పించుకుని పారిపోయింది

మెడపట్టీ వదులు. పొమెరేనియన్ బొచ్చు కింద ఎంత సందుందో ఎవరూ వేలు పెట్టి చూడరు, వెనక్కి ఒక్క గుంజు గుంజితే తల జారిపోతుంది. మొదటి నెల హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) ఒక తాడు, మెడపట్టీకి ఒక తాడు, ఫోన్ నంబరు బిళ్ల మొదటి రోజే. దీపావళి వారంలో, బీచ్‌రోడ్డు మీద నేవీ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ జరిగే రోజుల్లో కొత్త కుక్కని ఎవరికీ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చుంటే సాయంత్రం నాలుగుకల్లా తిప్పి తెచ్చేసి తలుపులు వేసేయండి.

లక్షణం: నడవట్లేదు, దగ్గుతోంది, ఒగరుస్తోంది

నాలుగడుగులు మూడు కాళ్ల మీద గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప జారుతోంది. కొండవాలు కాలనీల్లో, ఇంటికి నలభై మెట్లుండే చోట ఆ కుక్క వద్దు. బాతు అరిచినట్టు దగ్గితే మెడపట్టీ తీసి హార్నెస్ వేయండి, డాక్టరుకి చూపించండి. పగ్‌ని ఏసీ లేని పై అంతస్తుకి ఇవ్వొద్దు, గాలిలో ఇంత తేమ ఉన్నప్పుడు ఒగర్చినా ఒళ్లు చల్లబడదు. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే నడక లేదు.

స్వభావం మారడానికి మూర్ఛ, థైరాయిడ్, మెదడులో గడ్డ కూడా కారణం కావచ్చు, కానీ అరుదు. పైవన్నీ చూశాకే.

ఇన్ని చూసినా కుక్క వెనక్కొస్తే, తెచ్చుకునేటప్పుడు ఆ ఇంటివాళ్ల చేత నాలుగు ముక్కలు రాయించుకోండి: ఏం పెట్టారు, ఎన్ని గ్రాములు తింది, ఏ వైపు చెయ్యి వేస్తే గుర్రుమంది, ఆ టైములో ఇంట్లో ఎవరున్నారు. "కరిచింది" అని ఒక్క మాట రాసిచ్చిన కాగితంతో డాక్టరైనా ఏం చేయలేరు.