బీరువాలో తడిసిపోయే కెమెరాలు: దసరాకి ముందే కొన్ని జాగ్రత్తలు

మా సిక్కోలు (శ్రీకాకుళం) వైపు కెమెరా ఉన్నవాడికి పండగా, గండమూ అక్టోబరులో ఒకేసారి వస్తాయి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగే రోజులూ ఇవే. తుపాన్లూ ఈ నెలనే ఎంచుకుంటాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. గులాబ్ మాత్రం కాస్త తొందరపడి, 2021లో సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర పలకరించి పోయింది.

అందుకే ఏటా సెప్టెంబరు ఆఖర్లో ఒక ఆదివారం కెమెరా సామానంతా మంచం మీద పరుచుకుని కూర్చుంటాను. ఈసారి ఆ పని చేస్తూ మీకూ చెబుదామనిపించింది. వానలో జాగ్రత్త అని అందరూ అంటారు. నేను ఎక్కువగా చెప్పేది ఇంట్లో తేమ గురించి. నాకు తెలిసినవాళ్లలో కెమెరా వానలో తడిసి పోయినవాళ్లు ఒకరిద్దరే. బీరువాలో భద్రంగా దాచి పాడుచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ ఆ బాపతే.

ఒక శీతాకాలమంతా శాలిహుండం కొండెక్కి, వంశధార మీద పొద్దుటి వెలుతురు తీసేవాణ్ని. ఇంటికొచ్చి, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫొటోలన్నీ పాలు కలిపినట్టు తెల్లగా ఉండేవి. మంచు కదా అనుకుని, మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ 15కి జరిపాను. సంక్రాంతి నాటికి అది 25 అయింది, శివరాత్రికి 40. ఫొటోలు దిద్దడంలో చెయ్యి తిరుగుతోందని మురిసిపోయాను కూడా. తీరా ఎండలు ముదిరి, మంచు ఊసే లేని రోజున కూడా 40 పెట్టాల్సి వచ్చేసరికి అనుమానం మొదలైంది.

ఊళ్లో రీళ్ల కాలం నుంచీ స్టూడియో నడుపుతున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లెన్స్ ఊడదీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఓరగా చూశాడు.

"బూజట్టీసింది బాబూ. తోలు సంచీలో ఎట్టి బీరువాలో దాసీసినావేటి?"

అచ్చంగా అలాగే దాచాను. పైగా బట్టలకి పెట్టే కలరా ఉండలు కూడా రెండు వేశాను, మంచిదని. లెన్స్ తీసుకుని నేనూ చూశాను. గాజు అంచు దగ్గర మొదలై, సన్నటి తెల్లని దారాలు లేత మొక్క వేళ్లలా చీలుకుంటూ లోపలికి పాకాయి. మధ్యలో ఒకచోట ఎవరో పొగ ఊదినట్టు మసక. నా డీహేజ్ 40 అక్కడుంది.

ఈ బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఆపడం మన వల్ల కాదు. తేమ, చీకటి, కదలని గాలి దొరికితే చాలు మొలుస్తాయి. గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే లెన్సులకి ముప్పు మొదలైనట్టే. మా తీరంలో వానాకాలం 80 దాటడం మామూలు. బూజు పెరుగుతూ వదిలే ఆమ్లం గాజు మీది కోటింగును తినేస్తుంది. మొదట్లోనే పట్టుకుంటే విప్పించి తుడిపించుకోవచ్చు. కోటింగ్ పోయాక బూజు తీయించినా మచ్చ అలాగే ఉంటుంది. తోలు, బ్యాగుల్లోని స్పాంజి తేమని పీల్చి పట్టుకుంటాయి. బ్యాగు మోసుకెళ్లడానికే గానీ దాచడానికి కాదు. కలరా ఉండల ఆవిరి గాజు మీద పేరుకుంటుంది, కాబట్టి కర్పూరంతో సహా అలాంటివేవీ దగ్గర పెట్టకండి. బియ్యం డబ్బాలో పెట్టమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. బియ్యానికుండే పొడి లెన్సు రింగుల్లోకి దూరితే అదొక కొత్త పని.

ఖర్చు తక్కువలో అయ్యేది ఇది: రబ్బరు అంచుతో, నాలుగు వైపులా క్లిప్పులతో గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, గాలిలో తేమ ఎంతుందో చూపే చిన్న హైగ్రోమీటర్ (రెండు మూడు వందల్లో దొరుకుతుంది) ఒకటి, తేమ పీల్చే సిలికా జెల్ పూసలు ఒక పావుకేజీ. హైగ్రోమీటర్‌లో 40 నుంచి 50 మధ్య ఉంటే మీ సామాను హాయిగా ఉన్నట్టు. మరీ 30 కిందికి కూడా పోనివ్వకండి, రబ్బరుకీ లోపలి గ్రీజుకీ అంత పొడి మంచిది కాదు. సిలికా జెల్ నారింజ రంగుది కొనండి, తేమ పీల్చాక ఆకుపచ్చకి తిరుగుతుంది. నీలం రంగుది గులాబీకి మారుతుంది గానీ, అందులో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. దాన్ని వంటింట్లో వేడి చేయడం నాకు ఇష్టం లేదు. రంగు తిరిగిన జెల్‌ని 110, 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. మా ఇంట్లో ఒక పాత మూకుడు ఈ పనికే ఉంది. సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటాను. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయాలి. ఇక లోపలి తేమని తనే తగ్గించే డ్రై క్యాబినెట్ కొనగలిగితే మంచిదే, కానీ అది కరెంటుతో నడుస్తుంది. తుపాను వచ్చి వారం కరెంటు లేకపోతే ఆ వారమంతా అది ఉత్త అల్మారా. అందులో కూడా జెల్ ఒక గిన్నెడు పెట్టుకోండి.

వారానికి ఒకసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి. వాడే లెన్సుకి బూజు పట్టడం తక్కువ. ఎండలో పెట్టమని చెబితే మాత్రం వినకండి. మూత లేని లెన్స్ ఎండలో పడుంటే భూతద్దంలా పనిచేసి కింద గుడ్డ అంటుకోవచ్చు. కెమెరాకి తగిలించి సూర్యుడి వైపు తిప్పి వదిలేస్తే లోపల బొమ్మని పట్టే సెన్సరే కాలుతుంది.

ఇప్పుడు బయట సంగతి. నాది సోనీ ఏ6000, బ్యాటరీతో కలిపి 344 గ్రాములు. జేబులో పట్టేంత కాకపోయినా బరువు తెలియదు. లోపల అద్దం లేని ఈ చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలతో ఉన్న చిక్కేమిటంటే, నీళ్లు చొరకుండా ఆపే సీలింగ్ కంపెనీలు ఎక్కువగా తగ్గించేది వీటికే. ఏ6000, ఫుజీ ఎక్స్-టీ30, ఒలింపస్ ఈ-ఎం10, వీటికి నీళ్లు ఆపే రబ్బరు కట్టుదిట్టాలు లేవు. ఫుజీ ఎక్స్-టీ5 లాంటి వాటికి ఉన్నాయి, కానీ బాడీకి ఉంటే సరిపోదు, లెన్స్‌కి కూడా ఉండాలి. లెన్స్ కెమెరాకి తగులుకునే చోట, అంటే మౌంట్ దగ్గర, సన్నటి రబ్బరు రింగు కనిపిస్తుందా లేదా చూసుకోండి. ఫుజీ లెన్సుల పేరులో డబ్ల్యూఆర్ అని ఉంటే అదే. సీలింగ్ ఉన్నా అది చినుకుల వరకే. నీళ్లు చేరి పాడైతే వారంటీ సాధారణంగా వర్తించదు.

రెండో చిక్కు, లెన్స్ మార్చేటప్పుడు. పాత నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో మౌంట్ నుంచి సెన్సర్ 46.5 మిల్లీమీటర్ల లోతున, అద్దం వెనక, షట్టర్ వెనక దాక్కుని ఉండేది. సోనీ మిర్రర్‌లెస్‌లో ఆ లోతు 18 మిల్లీమీటర్లే, అడ్డం ఏమీ లేదు. లెన్స్ ఊడదీయగానే సెన్సర్ నోరు తెరుచుకుని ఎదురుగా కనిపిస్తుంది. బారువ బీచ్‌లోనో, కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గరో ఈ పని చేస్తే ఇసుక కన్నా ముందు ఉప్పు తుంపర వెళ్లి కూర్చుంటుంది. కంటికి కనబడదు, పెదవి నాకితే తెలుస్తుంది. కాబట్టి సముద్రానికి వెళ్లేటప్పుడు ఏ లెన్స్ కావాలో ఇంట్లోనే తేల్చుకుని తగిలించుకు వెళ్లండి. తప్పనిసరైతే కారులోకో, ఆటోలోకో దూరి, కెమెరా ఆపేసి, మౌంట్ కిందికి తిప్పి పట్టుకుని మార్చండి.

నోటితో ఊదకండి. ఉమ్మి తుంపర పడితే దుమ్ము కన్నా కష్టం. చేతితో నొక్కే రబ్బరు బ్లోయర్ చాలు. సెన్సర్ మీద దుమ్ముందో లేదో చూడాలంటే లెన్స్ కన్నం (అపర్చర్) బాగా చిన్నది చేసి, ఎఫ్16 పెట్టి, ఆకాశాన్ని ఒక ఫొటో తీసి కంప్యూటర్‌లో పెద్దది చేయండి. నల్ల చుక్కలు ఎప్పుడూ ఒకేచోట ఉంటే అవి పక్షులు కాదు. లెన్స్ తుడవడానికి చొక్కా అంచు, పమిట చెంగు ఏవీ వద్దు. పొందూరు ఖద్దరైనా సరే, మైక్రోఫైబర్ గుడ్డ తర్వాతే. బీచ్ నుంచి వచ్చాక కెమెరా బాడీని మాత్రం మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది.

ఏసీ సంగతి చాలామందికి తట్టదు. చల్లటి గదిలోంచి, ఏసీ కారులోంచి కెమెరాని ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది. ముందు గాజుకి పట్టింది కనబడుతుంది, లోపలిది కనబడదు. బయటికి తీసేముందే జిప్ కవర్లో వేసి మూసి, అరగంట అలాగే ఉంచి తెరవండి. తేలినీలాపురం వెళ్లేటప్పుడు నేను టెక్కలి దగ్గరే ఏసీ ఆపేయమంటాను. ఇంట్లోవాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనీ. అక్కడికెళ్లాక చెట్ల కింద నిలబడేటప్పుడు టోపీతో పాటు కెమెరాకీ ఒక గుడ్డ కప్పండి. ఎందుకో అక్కడికెళితే మీకే తెలుస్తుంది, తెల్లగా, టప్పున.

సిరిమాను రోజుకి వేరే లెక్క. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా, కొసన పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వస్తాయి. ఆ జనంలో లెన్స్ మార్చే ఆలోచనే పెట్టుకోకండి. ఒక్క జూమ్ లెన్స్, మెడలో అడ్డంగా వేసుకున్న స్ట్రాప్, జేబులో రెండు బ్యాటరీలు. ఒక బ్యాటరీకి దాదాపు 360 ఫొటోలని సోనీ లెక్క, కానీ ఎండలో తెర వెలుగు పెంచుకుని, నిమిషానికోసారి చూసుకుంటూ ఉంటే అంత రాదు. లెన్స్ ముందు గొట్టంలా తగిలించే హుడ్ తప్పకుండా పెట్టండి. వెలుతురు సంగతి అలా ఉంచండి, భక్తులు సిరిమాను మీదికి అరటిపండ్లు విసురుతారు. అన్నీ అమ్మవారి దాకా చేరవు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కెమెరా మీదికన్నా ఫొటోల మీదికి దృష్టి పోవాలి. కెమెరా పోతే కొనుక్కోవచ్చు, ఇరవయ్యేళ్ల నాటి ఊరి ఫొటోలు ఎక్కడా అమ్మరు. తిత్లీ తర్వాత ఉద్దానంలో చాలా పల్లెలకి రోజుల తరబడి కరెంటు రాలేదు. కాబట్టి గాలి మొదలవకముందే బ్యాటరీలు, పవర్ బ్యాంకు, ల్యాప్‌టాప్ నింపుకోండి. నెట్ బాగున్నప్పుడే ముఖ్యమైన ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కించండి, టవర్ పోయాక చేసేదేమీ లేదు. హార్డ్ డిస్కు కాపీలు రెండు ఉండాలి, రెండోది వేరే ఊళ్లో. నేను మొదట విశాఖలో చెల్లెలింట్లో పెట్టాను. హుద్‌హుద్ దిగింది అక్కడే అని గుర్తొచ్చి హైదరాబాదులో తమ్ముడింటికి మార్చాను. లైట్‌రూమ్ వాడేవాళ్లు ఫొటోలతో పాటు క్యాటలాగ్ ఫైల్ కూడా కాపీ చేసుకోవాలి, దిద్దుబాట్లన్నీ అందులోనే ఉంటాయి. కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు డెస్క్‌టాప్‌లో కార్డు పెట్టి ఫొటోలు దించకండి. రెండు చోట్ల కాపీ పడిందని తెరిచి చూసుకునేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి. పొరపాటున చెరిపేస్తే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టండి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగొస్తాయి.

కెమెరాలో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో ఒకసారి చూసుకోండి. కూలిన కొబ్బరిచెట్టు ఫొటో, ఎగిరిన రేకుల ఫొటో ఎవరికో ఒకరికి నష్టపరిహారం కాగితాల్లో అవసరం పడుతుంది. అలాంటివాటిని దిద్దకుండా అలాగే ఇవ్వండి. సముద్రం ముందుకొచ్చిందని తీయడానికి మాత్రం పోకండి. గాలి తగ్గాక కూడా తెగిన కరెంటు తీగ ఎక్కడుందో తెలియదు.

ఇంత చేసినా తడిసిందనుకోండి. పనిచేస్తోందో లేదో అని స్విచ్ వేసి చూడటం అందరూ చేసే పని, అదే చేయకూడనిది. ముందు బ్యాటరీ తీయండి, తర్వాత కార్డు. కెమెరాకున్న మూతలన్నీ తెరిచి, ఫ్యాను కింద మెత్తటి గుడ్డ మీద పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, అది నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. ఉప్పునీళ్లయితే ఆరే దాకా కూడా ఆగకుండా సర్వీసుకి పరుగెత్తాలి, ఉప్పు రోజుల్లోనే లోపలి రాగిని తినేస్తుంది. ఏం పడిందో అక్కడ నిజం చెప్పండి. నేనొకసారి పలాస దగ్గర బోండాం తాగుతూ కెమెరా మీద ఒలకబోసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేసి, విశాఖలో రిపేరు కుర్రాడితో వాన పడిందన్నాను. అతను పై మూత విప్పి, షట్టర్ బటన్ కింద జిగురుకి అతుక్కుని ఉన్న రెండు చచ్చిన చీమల్ని ట్వీజర్‌తో తీసి నా ముందు కాగితం మీద పెట్టాడు.

"మీ ఊళ్లో వానకి చీమలు కూడా పడతాయేటండీ?"