మ్యాగ్నమ్ రివాల్వర్‌తో జింక వేట ఎలా? టెక్సాస్‌లో తొలిసారి వెళ్లేవారికి

ఇది అమెరికా సంగతి. మన దగ్గర జింకను వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలే. టెక్సాస్‌లో మాత్రం నవంబరు మొదటి శనివారం వైట్‌టెయిల్ జింకల సీజన్ మొదలవుతుంది, అక్కడి లానో పట్టణం చుట్టుపక్కల ఆ వారాంతం జాతరలా ఉంటుంది. తమాషా ఏమిటంటే, నల్లమలలో తిరిగే మన చుక్కల దుప్పి కూడా 1930లలో అక్కడికి చేరింది. యాక్సిస్ అనే పేరుతో, సీజనంటూ లేకుండా ఏడాది పొడవునా వేటకు దొరుకుతుంది.

మొదట కాగితాలు

టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నుంచి హంటింగ్ లైసెన్స్ తీసుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తిచేయాలి. హెచ్-1బి, ఎఫ్-1 వీసాలవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర గన్ గానీ తూటాలు గానీ ఉండకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ లైసెన్స్ గడువు తీరితే ఆ మినహాయింపూ పోతుంది. గన్ ముట్టుకునే ముందు ఒకసారి లాయర్‌ని అడగడం మంచిది. అక్కడి భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి యజమాని అనుమతి తప్పనిసరి.

గన్, తూటా

.44 మ్యాగ్నమ్ తూటా కాల్చే రివాల్వర్ చాలు. అంతకంటే బలమైన .454 కసుల్, .500 ఎస్ అండ్ డబ్ల్యు తూటాల జోలికి మొదట్లోనే పోవద్దు. అవి తన్నే తన్నుకు కొత్తవాళ్లు నేర్చుకునేది భయమే. రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ లాంటిది, ఏడున్నర అంగుళాల బ్యారెల్‌తో దొరికితే గురి బాగా నిలుస్తుంది. తూటా 240 గ్రెయిన్లది, అంటే సుమారు పదిహేనున్నర గ్రాములు. వేట కోసం చేసిన, తగిలాక విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ గానీ హాలో పాయింట్ గానీ తీసుకోండి. దీని శక్తి .30-06 రైఫిల్ తూటాలో మూడో వంతు మాత్రమే. అందుకే ఎంత దూరం, ఎక్కడ తగిలింది అన్నవే అసలు లెక్క.

ప్రాక్టీస్

సగం వేట ఇక్కడే అయిపోతుంది. ఆరంగుళాల పేపర్ ప్లేట్‌ను 25 గజాల దూరంలో పెట్టండి. బెంచీ మీద కాదు, అడవిలో ఎలా కూర్చుంటారో అలాగే నేల మీద కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, లేదా షూటింగ్ స్టిక్స్ మీద చేతులు ఆనించి కాల్చండి. ఆరుకు ఆరూ ప్లేట్‌లో పడితేనే దూరం పెంచండి. ఒక్కటి బయట పడినా అంతకుముందు దూరమే మీ హద్దు. మామూలు సైట్లతో చాలామందికి అది 50 గజాల దగ్గరే ఆగుతుంది. స్నేహితుడు వంద గజాల్లో కొట్టాడంటే అది అతని చెయ్యి.

బ్యారెల్‌ను కొమ్మ మీద గానీ కర్ర మీద గానీ నేరుగా ఆనించవద్దు, పేలినప్పుడు ఎగిరి గురి తప్పుతుంది. ఆనాల్సింది మీ చేతులు. తూటాలు పెట్టే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి నిప్పులాంటి గ్యాస్ పక్కలకు చిమ్ముతుంది. వేళ్లు అక్కడికి పోనివ్వద్దు. చెవులకు మఫ్స్ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి, అడవిలోనైనా సరే. ఎలక్ట్రానిక్ మఫ్స్ అయితే ఆకుల చప్పుడు కూడా వినిపిస్తుంది.

ట్రిగ్గర్ నొక్కేముందే చెయ్యి ఉలిక్కిపడుతోందా? పక్కవాళ్లచేత సిలిండర్‌లో అసలు తూటాల మధ్య రెండు మూడు డమ్మీలు పెట్టించండి. డమ్మీ వచ్చినప్పుడు గన్ ముక్కు కిందికి వాలితే రోగం దొరికినట్టే. .44 స్పెషల్ తూటాలు ఇదే గన్‌లో పడతాయి, తన్నూ తక్కువ. కొన్నాళ్లు వాటితో కాల్చండి.

వేట రోజు

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే కాల్చవచ్చు. జింకలు వచ్చే దారి మీ హద్దు దూరంలోపే ఉండేలా, గాలి మీ ముఖానికి కొట్టేలా చోటు చూసుకుని, చీకట్లోనే వెళ్లి కూర్చోండి.

జింక కనబడగానే టెన్షన్‌తో హ్యామర్ (గన్ వెనక వైపు బొటనవేలితో లాగే మీట) లాగకండి. ఆ క్లిక్ చాలు, తోక ఎత్తి పరుగే. అది తల వంచి మేస్తున్నప్పుడో, చెట్టు చాటుకి తల పోయినప్పుడో మెల్లగా లాగండి, వేలు ట్రిగ్గర్ బయటే ఉంచండి. కాల్చడం కుదరకపోతే గన్‌ను నేలవైపు తిప్పి, హ్యామర్‌ను బొటనవేలితో గట్టిగా పట్టి నిదానంగా దించాలి. ఈ పని ఇంట్లో ఖాళీ గన్‌తో అలవాటయ్యే దాకా చేయండి.

జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు వెంట చూపు పైకి పోనిచ్చి, ఛాతీలో కింది మూడో వంతు దగ్గర గురి పెట్టండి. గుండె, ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి. ఎదురుగా చూస్తున్నా, వెనక భాగం మాత్రమే కనబడుతున్నా, పరుగెడుతున్నా వదిలేయండి. గుట్ట అంచున ఆకాశం వెనకగా నిలబడినా వదిలేయాల్సిందే, తూటా అవతల ఎవరికి తగులుతుందో తెలియదు.

కాల్చాక

అది ఎక్కడ నిలబడిందో, ఎటు పరుగెత్తిందో గుర్తు పెట్టుకుని అరగంట కదలకండి. వెంటనే వెంటపడితే దెబ్బతిన్న జింక మైళ్లు పోతుంది. నెత్తుటి మరకలు చూడండి. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకాస్త ఆగాలి. పచ్చటి జీర, దుర్వాసన ఉంటే పొట్టలో తగిలింది, కొన్ని గంటలు ఆగక తప్పదు.

పడి ఉన్నదాని దగ్గరికి వీపు వైపు నుంచి వెళ్లి, పొడవాటి పుల్లతో కంటిని తాకండి. రెప్ప కదిలితే ఇంకా ప్రాణం ఉన్నట్టే. చచ్చిందని తేలాకే గన్ ఖాళీ చేయండి. కాగితపు లైసెన్స్ అయితే దాంతో వచ్చే ట్యాగ్ మీద ఇంకుతో వివరాలు రాసి, నెల, తేదీ కోసి వెంటనే జింకకు కట్టాలి. టెక్సాస్ నవంబరు మధ్యాహ్నాలు వేడిగా ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకుండా పేగులు తీసి, ముక్కలు చేసి, ఐస్ పెట్టెలో వేయండి. కరిగిన నీళ్లు పోయేలా పెట్టె కింది బిరడా తీసే ఉంచండి.